అపార్టుమెంటు సంపుకి వాటర్ టెస్ట్ కిట్: ఏ సీసా పనికొస్తుంది, ఏది రాదు

బెంగళూరులో మారతహళ్లి, వైట్‌ఫీల్డ్, సర్జాపుర రోడ్డు వైపు అపార్టుమెంట్లలో ఒకే సంపులోకి మూడు రకాల నీళ్లు పడతాయి: కావేరి, సొంత బోరు, ట్యాంకరు. కావేరి నీళ్లు దాదాపు వంద కిలోమీటర్ల దూరంలోని తొరెకాడనహళ్లిలో శుద్ధయి, క్లోరిన్ కలిసి వస్తాయి. ట్యాంకరు సంగతి వేరు. 2024 మార్చిలో అధికారులు 6,000 లీటర్ల ట్యాంకరుకి 5 కిలోమీటర్ల లోపు 600 రూపాయలని రేటు కట్టారు. రేటు రసీదు మీద కనిపిస్తుంది, నీళ్లు ఏ బోరువో కనిపించదు. అందుకే చాలా అసోసియేషన్లు ఇప్పుడు సూట్‌కేసులాంటి డబ్బాలో వచ్చే ఫీల్డ్ టెస్ట్ కిట్ కొంటున్నాయి. పీహెచ్, కాఠిన్యం, క్లోరైడ్, ఫ్లోరైడ్, నైట్రేట్, ఇనుము, మిగులు క్లోరిన్, బ్యాక్టీరియా సీసాలు అన్నీ అందులోనే ఉంటాయి. ఏ కంపెనీదైనా లోపల సరుకు ఇంచుమించు ఒకటే కాబట్టి ఈ సమీక్ష కంపెనీ గురించి కాదు, సీసాల గురించి.

డబ్బు మొత్తం గిట్టుబాటయ్యేది మిగులు క్లోరిన్ (క్రిములను చంపాక నీళ్లలో ఇంకా మిగిలిన క్లోరిన్) పరీక్షతోనే. తాగునీటి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కొళాయి దగ్గర లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాముల మిగులు క్లోరిన్ ఉండాలి. ల్యాబ్ ఈ పని చేసిపెట్టలేదు. సీసాలో పట్టిన నీళ్లలో క్లోరిన్ నిమిషాల్లో తగ్గిపోతుంది, ఎండ తగిలితే ఇంకా త్వరగా. మర్నాడు ల్యాబ్ రాసిచ్చే క్లోరిన్ అంకె చిత్తుకాగితంతో సమానం. కొళాయి పక్కనే నిలబడి చూడాలి.

కిట్లలో రెండు రకాలున్నాయి. చవక రకంలో ఆర్థోటాలిడిన్ చుక్కలుంటాయి, నీళ్లు పసుపు రంగుకి మారతాయి. ఇది విడి క్లోరిన్‌నీ, అమ్మోనియా లాంటివాటితో కలిసిపోయిన క్లోరిన్‌నీ విడదీసి చెప్పదు. పైగా ఆ రసాయనం క్యాన్సర్ కారకమన్న అనుమానం ఉంది, చేతికి తగలనివ్వకూడదు. డీపీడీ మాత్రల రకం తీసుకోండి. నీళ్లు గులాబీ రంగుకి వస్తాయి, విడి క్లోరిన్ మాత్రమే తెలుస్తుంది. దీనిలో ఒక మోసం ఉంది: క్లోరిన్ మరీ ఎక్కువైతే వచ్చిన గులాబీ రంగు అంతలోనే వెలిసిపోతుంది. బ్లీచింగ్ వేసిన రోజున రంగు రాలేదని మళ్లీ బ్లీచింగ్ వేసేవాళ్లున్నారు. ముక్కుకి ఘాటు తగులుతూ రంగు రాకపోతే, డిస్టిల్డ్ వాటర్ సగానికి సగం కలిపి మళ్లీ చూసి, వచ్చిన అంకెను రెట్టింపు చేయాలి.

ఎక్కడ చూడాలన్నదీ ముఖ్యమే. సంపు మూత తీసి చూస్తే లాభం లేదు. మోటారు గదికి అన్నింటికంటే దూరంగా ఉన్న బ్లాకులో, పై అంతస్తు వంటింటి కొళాయి దగ్గర, ఆర్‌ఓకి ముందు, రెండు నిమిషాలు నీళ్లు వదిలాక చూడాలి. సంపులో 1 ఉండి అక్కడ సున్నా అయితే ఓవర్‌హెడ్ ట్యాంకు అడుగున బురద పేరుకుందేమో చూడాలి. రోజూ 0.5 వచ్చే చోట ఒక్కసారిగా సున్నా అయితే మురుగు కలుస్తోందేమో చూడండి. శుద్ధి చేసిన మురుగునీళ్ల ఫ్లష్ లైను ఉన్న భవనాల్లో ప్లంబరు పైపులు తారుమారు చేసే ప్రమాదం ఉంటుంది.

మోతాదు లెక్క: 50,000 లీటర్ల సంపులో లీటరుకి 2 మిల్లీగ్రాములు వేయాలంటే 100 గ్రాముల క్లోరిన్ కావాలి. 25 శాతం బ్లీచింగ్ పౌడరైతే 400 గ్రాములు. బకెట్టులో కలిపి, సున్నం అడుగున పేరుకున్నాక పై తేట మాత్రమే పోయాలి. అరగంట ఆగి కొలవాలి. మూతి విప్పి నెలలపాటు మోటారు గదిలో పడేసిన బస్తాలో 25 శాతం మిగలదు, లెక్క తప్పేది ఎక్కువగా అక్కడే.

కాఠిన్యం పరీక్ష కూడా బాగుంది. రంగు మందు కలిపాక నీళ్లు ముందు ముదురు ఎరుపులో ఉంటాయి, చుక్కలు వేస్తూ పోతే ఊదా మీదుగా నీలానికి తిరుగుతాయి. ఊదా దగ్గర ఆపితే తక్కువ వస్తుంది. చుక్కల సీసా నిటారుగా పట్టుకోవాలి, వంచితే చుక్క సైజు మారి లెక్క తేడా వస్తుంది. బఫర్ (నీళ్ల పీహెచ్ నిలకడగా ఉంచే ద్రావణం) సీసా మూత తీసి వదిలేస్తే అమ్మోనియా ఎగిరిపోయి రంగు స్పష్టంగా మారదు. ప్రమాణం లీటరుకి 200 మిల్లీగ్రాములు, వేరే నీళ్లు లేనప్పుడు 600 వరకు. మరో మాట: సాఫ్ట్‌నర్ పెట్టాక టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాలు) పెన్ను ముంచి "అంకె తగ్గలేదు, మిషన్ దండగ" అంటారు. సాఫ్ట్‌నర్ కాల్షియం తీసి సోడియం ఇస్తుంది, టీడీఎస్ ఎందుకు తగ్గుతుంది? దాని పని చుక్కల పరీక్షలోనే తెలుస్తుంది.

ఆ పెన్ను చెప్పేది నీళ్లలో కరెంటు ఎంత పారుతుందన్నదే, మురుగు గురించి దానికేమీ తెలియదు. ఇంటికొచ్చి "ఉచిత టెస్టు" అంటూ రెండు కడ్డీలు ముంచి నీళ్లను గోధుమ రంగు చేసి చూపించే ఆర్‌ఓ అమ్మకందార్లనైతే అసలు నమ్మొద్దు. ఆ తుప్పు కడ్డీలోని ఇనుముదే. ఆర్‌ఓ నీళ్లలో కరెంటు సరిగా పారదు కాబట్టి అవి తేటగా ఉంటాయి, అంతే.

నైట్రేట్ పరీక్షలో ముందు రంగు పోల్చే కార్డు మీద యూనిట్ చదవండి. కొన్ని కార్డులు నైట్రేట్‌గా, కొన్ని అందులోని నైట్రోజన్‌గా చూపిస్తాయి. నైట్రోజన్ అంకెను 4.43తో గుణిస్తేనే నైట్రేట్ వస్తుంది. కార్డులో 10 చూసి లీటరుకి 45 మిల్లీగ్రాముల నైట్రేట్ హద్దుకి చాలా దూరంలో ఉన్నామనుకుంటే పొరపాటు, దాదాపు హద్దు మీదే ఉన్నట్టు. మురుగు ఇంకే బోర్లలో ఇది ఎక్కువగా దొరుకుతుంది. కాచితే పోదు, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. ఆరు నెలల లోపు పసిబిడ్డల పాలపొడిలో కలపకూడదు.

ఫ్లోరైడ్ సీసాకి తక్కువ మార్కులే. నల్గొండ కథ తెలిసిన మనవాళ్లు ముందు దీన్నే తెరుస్తారు. కోలారు, చిక్కబళ్లాపుర వైపు బోర్ల విషయంలో ఆ భయం సబబే. కానీ ప్రమాణమైన 1.0కీ, గరిష్ఠ హద్దు 1.5కీ మధ్య రంగు తేడా ట్యూబ్‌లైటు కింద కంటికి ఆనదు. అనుమానం వస్తే ల్యాబ్‌కి పంపడమే.

బ్యాక్టీరియా సీసాలో గీత వరకు నీళ్లు పోసి 24 నుంచి 48 గంటలు ఉంచాలి, నల్లబడితే మలినం ఉన్నట్టు. 1982లో వెలుగులోకి వచ్చిన ఈ పద్ధతికి 25 నుంచి 37 డిగ్రీల వేడి కావాలి. డిసెంబరు, జనవరి బెంగళూరు చలిలో గూట్లో పెడితే చెడ్డ నీళ్లు కూడా పాసైపోతాయి. కుళ్లిన గుడ్డు వాసనొచ్చే బోరైతే మంచివి కూడా ఫెయిలవుతాయి. నల్లబడ్డ సీసాలో బ్లీచింగ్ ద్రావణం పోసి అరగంట ఆగాకే పారబోయాలి.

ల్యాబ్‌కి పంపేటప్పుడు ఎన్ఏబీఎల్ (ల్యాబులకి గుర్తింపు ఇచ్చే జాతీయ సంస్థ) గుర్తు ఒక్కటే సరిపోదు. మీకు కావలసిన పరీక్ష ఆ ల్యాబ్ గుర్తింపు పరిధిలో ఉందో లేదో అడగండి. ఈ-కోలి (మలంలో ఉండే బ్యాక్టీరియా) పరీక్షకి ల్యాబ్ ఇచ్చిన స్టెరైల్ సీసాలోనే, కొళాయి మూతిని స్పిరిటుతో తుడిచి పట్టాలి. లోపలి థయోసల్ఫేట్‌ని కడిగేయొద్దు, క్లోరిన్‌ని ఆపేది అదే. ఐసులో పెట్టి ఆరు గంటల్లో, మరీ కుదరకపోతే 24 గంటల్లోపు చేర్చాలి. 100 మిల్లీలీటర్లలో ఒక్కటీ ఉండకూడదు. ఎండాకాలానికి ముందొకసారి, వానలు మొదలయ్యాక ఒకసారి పంపితే చాలు.

కొనేముందు దుకాణంలో అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. క్లోరిన్ పరీక్షకి వాడే డీపీడీ మాత్రలు రోజూ వాడేవి కాబట్టి ముందు అయిపోతాయి, ఫ్లోరైడ్ సీసా సగం కూడా వాడకుండానే ఎక్స్‌పైరీ అవుతుంది. ఆ డీపీడీ మాత్రలు విడిగా దొరుకుతాయా అని అడగండి. లేదు, మొత్తం డబ్బానే మళ్లీ కొనాలంటే ఆ కిట్ వదిలేసి, క్లోరిన్‌కి ఒకటి, కాఠిన్యానికి ఒకటి చిన్న డబ్బాలు విడిగా తీసుకోండి.