పంది మిషన్ కొన్నాను, ఈ వానల్లో దాని సంగతి

మాది గజపతినగరం అవతల, కొండ కింద ఎకరన్నర మెట్ట. ఈసారి ఉగాది వెళ్ళిన వారానికే వానలు మొదలై, ఆగినట్టే ఆగి మళ్ళీ పడుతూ వైశాఖం దాకా అదే వరస. నేల పదునుగా ఉంది కదా అని ఆశపడి ఎకరంలో వేరుశనగ, మిగతా అర ఎకరంలో మొక్కజొన్న వేశాను. మూడో రాత్రే పందులు దిగాయి. వేసిన వేరుశనగ గింజల్ని పంది ఎలా తింటుందో చూడనివాళ్ళకి చెబుతున్నాను, అది అక్కడా ఇక్కడా కెలకదు, చాలు పట్టుకుని మూతితో దున్నుకుంటూ ఈ చివర నుంచి ఆ చివరకి పోతుంది, మనం వేసిన చాలు కంటే నిటారుగా. తెల్లారి వెళ్ళి చూస్తే ఆరు చాళ్ళలో ఒక్క గింజ లేదు. అప్పుడు కొన్నదే ఈ సోలార్ ఝట్కా మిషన్, పొలం చుట్టూ కట్టిన తీగలోకి కరెంటు దెబ్బలు వదిలేది, మా ఊళ్ళో 'పంది మిషన్' అంటే చాలు. రెండు నెలలు వాడాక రాస్తున్నాను.

కొనేముందు చవకగా అయ్యేవన్నీ చేశాను. చుట్టూ పాత చీరలు కట్టాం, వాన్లో తడిసి బరువెక్కి కర్రలతో సహా ఒరిగిపోయాయి. మంగలి షాపు నుంచి బస్తాడు జుట్టు తెచ్చి గట్ల మీద చల్లితే ఒక్క జల్లుకే బురదలో కలిసిపోయింది. అరుపులు రికార్డు చేసిన మైకు పెడితే నాలుగు రోజులు భయపడ్డాయి, అయిదో రోజు మైకు కిందే తవ్వుకున్నాయి. గట్ల మీద నాలుగు వరసలు ఆముదం వేస్తే పంది లోపలికి రాదంటారు గానీ అది ఎదగాలి కదా, పంది ఆగదు.

ఉచ్చు పెట్టమనీ, మోటారు లైను నుంచి కరెంటు తీగ లాగమనీ సలహా ఇచ్చేవాళ్ళకి తక్కువ లేదు. మా తాత రోజుల్లో చైత్రమాసమంటే వేటే, కుక్కలూ బల్లేలూ వలలూ పట్టుకుని ఊరంతా కొండెక్కేవారట. అరకు, పాడేరు వైపు ఇటుకల పండక్కి ఇప్పటికీ విత్తనాలు దేవత ముందు పెట్టి మగవాళ్ళు వేటకి బయల్దేరతారు. ఆ కథలు వినడానికి నాకూ ఇష్టమే. కానీ అడవిపంది 1972 వన్యప్రాణి చట్టం కింద ఉన్న జంతువు, 2022 సవరణలో రెండో షెడ్యూల్లోకి (రక్షణ ఉన్న జంతువుల జాబితాలోకి) కూడా వెళ్ళింది, అనుమతి లేకుండా చంపితే కేసే. కేసు మాట అలా ఉంచండి, ఉచ్చుకి పందో ఆవో తెలీదు, ఇక కరెంటు తీగకి అర్ధరాత్రి నీళ్ళు కట్టడానికొచ్చిన మనిషి కూడా ఒకటే. తడి నేలలో అయితే మరీను. 2023 మేలో పార్వతీపురం మన్యం జిల్లా భామిని మండలం కాట్రగడ దగ్గర నాలుగు ఏనుగులు పోయింది పొలంలోని ట్రాన్స్‌ఫార్మర్ తగిలే, అది ఎవరూ కావాలని పెట్టింది కాదు. కావాలని తీగ పెట్టేవాడికి ఏం చెప్పాలో నాకు తెలీదు.

సరే, మిషన్. విజయనగరం గంటస్తంభం వైపు ఒక షాపులో తీసుకున్నాను, పేరు రాయను. మిషన్ 6,200, సోలార్ ప్లేటు, పన్నెండు వోల్టుల బ్యాటరీ, పద్దెనిమిది కేజీల జీఐ తీగ (తుప్పు పట్టని పూత ఉన్న ఇనప తీగ), తీగ కర్రకి తగలకుండా పట్టి ఉంచే ఇన్సులేటర్లు అన్నీ కలిపి 15 వేలు దాటింది. సరుగుడు కర్రలు మావే కాబట్టి ఆ ఖర్చు లేదు. పనిచేసే తీరు చెప్పాలంటే, బ్యాటరీ నుంచి కరెంటు తీసుకుని సెకనుకి కాస్త అటూఇటూగా ఒక్కో దెబ్బ తీగలోకి వదులుతుంది. వోల్టేజీ వేలల్లో ఉంటుంది గానీ ఆ దెబ్బ రెప్పపాటు కూడా ఉండదు, అందుకే చంపదు, విదిలించి కొడుతుంది. నాకు రెండుసార్లు తగిలింది. మోచేతి దాకా ఎవరో కర్రతో కొట్టినట్టుంటుంది, ఆ తర్వాత కాసేపు మనం మాట్లాడే మాటలు ఇంట్లో వాళ్ళు వినకూడదు. డబ్బా మీద ఐఎస్ 302-2-76 అని ఉందో లేదో చూసి తీసుకోండి, కంచె మిషన్లకి ఉన్న ప్రమాణం అదే. పేరూ ఊరూ లేని డబ్బాలు సగం రేటుకే వస్తున్నాయి, వాటి జోలికి నేను పోలేదు.

మొదటి వారం మిషన్ దండగ అనుకున్నాను. టిక్ టిక్ మంటోంది, లైటు వెలుగుతోంది, పందులు మాత్రం మామూలుగా వస్తున్నాయి. మా బావ గట్టు మీద నిలబడి "ఏటి బావా, పదిహేనేలు పోసి గడియారం కొన్నావేటి?" అన్నాడు. షాపుకి ఫోన్ చేస్తే రేపు మనిషిని పంపుతామన్నారు, అలా అయిదు రేపులు గడిచాయి. చివరికి వచ్చిన కుర్రాడు రెండే మాటలు చెప్పాడు. ఒకటి, ఎర్త్ రాడ్డు (మిషన్‌కి కలిపి నేలలోకి దిగేసే ఇనప కడ్డీ) ఒక్కటి చాలదు, మూడు కావాలి, మూడడుగులు లోతుకి, పదేసి అడుగుల దూరంలో. రెండు, కింది తీగ జానెడు ఎత్తులో ఉండాలి, నేను మూరెడు ఎత్తులో కట్టాను. పంది వీపు మీద ఆ మొద్దు వెంట్రుకలకి ఏమీ తెలియదట, తడి మూతికి తగలాలి. ఈ రెండు ముక్కలూ బిల్లు రాసేటప్పుడు చెప్పడానికి ఏం పోయింది? పైగా వచ్చినందుకు 500 పుచ్చుకున్నాడు. నా కోపమంతా ఇక్కడే.

సరిచేసిన రాత్రే పొలం మూల నుంచి ఒక కేక వినిపించింది. ఆ తర్వాత రెండు రాత్రులు ఇంకో రెండు కేకలు. అంతే, నెల రోజుల పాటు లోపల ఒక్క గిట్ట గుర్తు లేదు.

ఇప్పుడు వాన సంగతి, ఎందుకంటే దుకాణాల్లో దీన్ని ఎండాకాలం మనసులో పెట్టుకుని అమ్ముతారు. తడి నేల ఒక విధంగా మంచిదే, ఎర్త్ బాగా అందుతుంది, దెబ్బ గట్టిగా ఉంటుంది. మా ఎర్ర నేల ఎండితే రాడ్ల చుట్టూ ఉప్పూ బొగ్గూ వేసి నీళ్ళు పోయాలి, ఈ ఏడు ఆ పని లేకపోయింది. కానీ అదే వానకి గడ్డి లేస్తుంది చూడండి, వారం తిరక్కుండా కింది తీగని అందుకుంటుంది. తడి గడ్డి తీగకి తగిలితే కరెంటంతా నేలలోకి దిగిపోతుంది, మిషన్ సైరన్ మోగుతుంది, మనకి నిద్ర ఉండదు. నాలుగు రోజులకోసారి కొడవలి పట్టుకుని చుట్టూ తిరగాల్సిందే. ఒక్కోసారి ఇది పంది మిషనా, నా చేత గడ్డి కోయించే మిషనా అనిపించేది (మా గేదెలు మాత్రం మిషన్‌కి ఫుల్ మార్కులు ఇస్తాయి). ఇన్సులేటర్ పగిలిన చోట తీగ తడి కర్రని ఆనుకున్నా ఇదే బాధ. మబ్బు వరసగా మూడు రోజులుంటే ప్లేటు సరిగా ఛార్జ్ చెయ్యదు, రెండుసార్లు బ్యాటరీ ఊడదీసి బండి మీద ఇంటికి తెచ్చి ఛార్జింగ్ పెట్టాను. పెద్ద బ్యాటరీ తీసుకోండి, ప్లేటు విషయంలో కూడా కక్కుర్తి పడొద్దు.

అన్నిటికంటే టెన్షన్ పిడుగులతో. పక్క ఊళ్ళో ఒకాయన మిషన్ పిడుగుకి మాడిపోయింది, వారంటీ కాగితంలో పిడుగు వర్తించదని చిన్న అక్షరాల్లో ఉంది, నాదాంట్లోనూ ఉంది. ఉరుము వినిపించగానే తీగ నుంచి మిషన్ విప్పెయ్యాలి. విప్పిన రాత్రి పందులు రావా అంటే వస్తాయి, ఒకసారి వచ్చాయి కూడా, మొక్కజొన్నలో ఒక పక్కంతా పడుకోబెట్టి పోయాయి.

చిన్నపిల్లలు తిరిగే దారి పక్కన అయితే పగలు ఆపెయ్యండి, హెచ్చరిక బోర్డు కట్టండి. ఏనుగులు తిరిగే వైపు వాళ్ళు మాత్రం నా మాట చూసి కొనకండి, నేను కట్టింది పంది ఎత్తుకి.

మిషన్‌కి అయిదులో నాలుగు. షాపుకి రెండు, ఆ రెండూ కూడా తీగ తూకం సరిగా ఇచ్చినందుకు. అదే షాపులో గెడ్డలో (వాగులో) వెయ్యడానికి ఒక చేపల వల కూడా కొన్నాను, మొదటి నీటికే అంచు తాళ్ళు ఊడిపోయాయి, దాని గురించి రాయడానికి కూడా ఏమీ లేదు.

రెండోసారి వేసిన వేరుశనగ ఇప్పుడు పూత మీద ఉంది. పందులు మా తీగ వారగానే నడిచి బావ దోస పాదుల్లోకి పోతున్నాయి, బురదలో గిట్టల దారి స్పష్టంగా కనిపిస్తోంది. నిన్న ఫోన్ చేసి "బావా, ఆ గడియారం ఎంత పడింది?" అని అడిగాడు. రేటు చెప్పి, మూడు రాడ్లు ముందే కొనుక్కోమన్నాను.