రెండు ముందస్తు ఎన్నికలు: మొరాకో 2011, కిర్గిజ్‌స్థాన్ 2010

రెండు చోట్లా వరస ఒకటే: జనం రోడ్డెక్కారు, రాజ్యాంగం మారింది, వెంటనే పార్లమెంటు ఎన్నికలు. కానీ మార్చింది ఎవరు అన్నదగ్గరే తేడా అంతా ఉంది.

మొరాకోలో 2011 ఫిబ్రవరి 20న నిరసనలు మొదలైతే, రాజు మహమ్మద్ 6 మార్చి 9నే టీవీలో సంస్కరణలు ప్రకటించేశాడు, జులై 1న కొత్త రాజ్యాంగంపై రెఫరెండం (జనం నేరుగా వేసే ఓటు), అందులో అధికారిక లెక్క ప్రకారం 98 శాతం పైనే 'సరే' (అంత ఏకాభిప్రాయం మన అపార్ట్‌మెంట్ మీటింగ్‌లో కూడా రాదు!). ఎక్కువ సీట్లొచ్చిన పార్టీ నుంచే ప్రధానిని పెట్టాలన్న రూలు మాత్రం నిజంగా కొత్తది. నవంబర్ 25న 395 సీట్లలో 107 గెలిచిన ఇస్లామిక్ పార్టీ పీజేడీ నాయకుడు బెన్‌కిరాన్ ప్రధాని అయ్యాడు. సైన్యం, మతం రాజు చేతిలోనే ఉండిపోయాయి. 2016లో ఆ పార్టీ మళ్లీ గెలిచినా, నెలల తరబడి సంకీర్ణం కుదరకపోయేసరికి రాజు ఆయన్ని పక్కనపెట్టి అదే పార్టీలో ఇంకొకర్ని తెచ్చుకున్నాడు.

మన పిల్లలు ఎంబీబీఎస్‌కి వెళ్లే కిర్గిజ్‌స్థాన్‌లో కథ రక్తంతో నడిచింది. ఏప్రిల్‌లో అధ్యక్షుడు బకియెవ్ పారిపోయాడు, జూన్‌లో ఓష్ నగరంలో జాతి ఘర్షణల్లో వందలమంది చనిపోయారు, ఆ టెన్షన్‌లోనే తాత్కాలిక ప్రభుత్వం అధ్యక్షుడి అధికారాన్ని పార్లమెంటుకు మళ్లించే కొత్త రాజ్యాంగంపై జూన్ 27న రెఫరెండం పెట్టింది. ఏ పార్టీకీ 120లో 65 సీట్లు మించకూడదని అందులో రాసుకున్నారు. అక్టోబర్ 10న ఐదు పార్టీలు గెలిస్తే పెద్దదానికి వచ్చినవి 28.

నాకైతే కిర్గిజ్ ఎన్నికే అసలైన పోటీ అనిపిస్తుంది. నిలకడ మాత్రం మొరాకోదే, ఎందుకంటే కిర్గిజ్‌లు 2021లో మళ్లీ అధ్యక్షుడి పెత్తనానికే ఓటేశారు.