ఓల్డ్ కోర్సులో ఆడాలంటే ఏజెంటుకు పైసా ఇవ్వకండి

విశాఖలో సముద్రపు గాలికి ఇరవై ఏళ్లుగా గోల్ఫ్ ఆడుతున్నాం, నేనూ మా బావా. స్కాట్లాండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ ఊళ్లో ఓల్డ్ కోర్సు అనే గోల్ఫ్ మైదానంలో ఒక్కసారైనా ఆడాలని ఆయనకు ఎప్పటి నుంచో ఉంది. 2024 మే నెలలో వెళ్లాం, మా ఆవిడా వచ్చింది. అయితే ముందు మేం మోసపోయిన సంగతి చెప్పాలి. ఇంకొకరికి అలా జరగకూడదు.

ఓ ఏజెంటు సోమవారానికి 'టీ టైమ్ గ్యారంటీ' (అంటే ఆట మొదలుపెట్టే వేళ ఖాయం) అని మా ఇద్దరికీ కలిపి 240 పౌండ్లు తీసుకున్నాడు. ఆట ఫీజు వేరే. శనివారం పొద్దున్నే వెళ్లి అడిగితే, కౌంటర్లో అమ్మాయి రెండుసార్లు వెతికి, సోమవారానికి మా పేర్లే లేవంది. ఏజెంటు ఫోన్ ఎత్తలేదు. బావ ముఖం చూడలేకపోయాను.

ఆ అమ్మాయే ఓపిగ్గా అంతా చెప్పింది. ఇది ప్రజల కోర్సు, ట్రస్టు నడుపుతుంది. ఆడాల్సిన రోజుకు రెండు రోజుల ముందు, మధ్యాహ్నం రెండు గంటల లోపు బ్యాలెట్‌లో, అంటే లాటరీ లాంటి డ్రాలో, పేర్లు ఇవ్వాలి. కనీసం ఇద్దరు ఉండాలి. పేరు ఇచ్చినందుకు రుసుము లేదు. డ్రాలో తగిలితేనే మనిషికి ఆట ఫీజు కట్టాలి, 2024లో అది 320 పౌండ్లు. ఒంటరిగా వచ్చినవాళ్లకు వేరే డ్రా ఉంది, ముందురోజు స్వయంగా వెళ్లి నమోదు చేసుకోవాలి. హ్యాండిక్యాప్ (మన ఆట స్థాయిని చెప్పే అంకె) రుజువు మాత్రం దగ్గర ఉంచుకోండి. అంటే ఉచితంగా అయ్యే పనికి మేం 240 పౌండ్లు పోశాం. అదీ జరగని పనికి!

అక్కడే నిలబడి సోమవారానికి పేర్లు ఇచ్చాం. తగల్లేదు. ఆ రాత్రి బావ భోజనం ముట్టలేదు.

ఆదివారం ఓల్డ్ కోర్సులో ఆట ఉండదు, ఎవరైనా పార్కులో తిరిగినట్టు తిరగొచ్చు. మా ఆవిడ ఆ కోర్సులోని స్విల్కన్ అనే రాతి వంతెన మీద ఫోటో దిగుదామంటే బావ ఒప్పుకోలేదు. "ఆడుతూ దాటితేనే ఎక్కుతానమ్మా" అన్నాడు. మంగళవారానికీ పేరు రాలేదు. సోమవారం పక్కనే ఉన్న న్యూ కోర్సులో ఆడాం. పేరుకే న్యూ, మొదలైంది 1895లో. బాగుంది, కానీ బావ చూపంతా గోర్స్ అనే ముళ్ల పొదల అవతల ఉన్న ఓల్డ్ కోర్సు మీదే.

సెయింట్ ఆండ్రూస్‌లో మా గదికి రాత్రికి 165 పౌండ్లు పడింది, కిటికీ తెరుచుకోలేదు. మళ్లీ వెళ్తే దగ్గర్లోని డండీ నగరంలో ఉంటాను. 99 నంబరు బస్సు డండీ నుంచి లూకర్స్ రైల్వే స్టేషన్ మీదుగా సెయింట్ ఆండ్రూస్‌కు వస్తుంది.

బుధవారానికి తగిలింది! మెయిల్ చూసి బావ మా ఆవిడకు ఫోన్ ఇచ్చి, "మళ్లీ చదువమ్మా" అన్నాడు.

లింక్స్ నేల, అంటే సముద్రపు ఒడ్డు ఇసుక నేల, ఎలా ఉంటుందో కాలు పెడితేనే తెలిసింది. అడుగున ఇసుక, పైన పొట్టి గడ్డి, చెప్పు కింద గట్టిగా తగులుతుంది. బంతి పడినచోట ఆగదు, దొర్లుకుంటూ పోతుంది. ఎత్తుగా కొట్టిన ప్రతి బంతినీ గాలి పక్కకు లాగేసింది. నాలుగో హోల్‌కల్లా (హోల్ అంటే బంతి వేయాల్సిన గుంత) ఎత్తు షాట్లు మానేసి, గ్రీన్‌కు, అంటే గుంత చుట్టూ ఉన్న నున్నటి గడ్డికి, నలభై గజాల దూరం నుంచే పటర్ అనే కర్రతో బంతిని దొర్లించడం మొదలుపెట్టాం. ఏడు గ్రీన్లు ఒక్కోటి రెండేసి హోల్స్‌కు పనిచేస్తాయి. ఎదురుగా వచ్చేవాళ్ల హోల్ జెండా మనదనుకునే ప్రమాదం ఉంది, జాగ్రత్త. పదిహేడో హోల్ బంకర్లో, అంటే ఇసుక గుంటలో, బావ బంతి పడింది. గోడ ఆయన నడుము దాటి ఉంది. మూడుసార్లు కొట్టినా ఇసుకే లేచింది, నాలుగోసారి వెనక్కి కొట్టి బయటపడ్డాడు.

పద్దెనిమిదో హోల్లో వంతెన దగ్గరికి రాగానే బ్యాగు కింద పెట్టి, టోపీ తీసి, రాయి మీద చెయ్యి ఆనించాడు. "ఇప్పుడు తియ్యి" అన్నాడు.

ఆ 240 పౌండ్లు ఇంకా రాలేదు. మెసేజ్‌లన్నీ దాచాను, అడుగుతూనే ఉన్నాను.