మిర్యాలగూడ మిల్లుల దగ్గరి రేకుల షెడ్డు హోటల్: ఏళ్లుగా తింటున్నవాడి మాట

రుచి కోసం తిరిగేవాళ్లు ఈ హోటల్‌కు రాకపోయినా నష్టం లేదు. పప్పు పలచన, కూరలో కారం ఎక్కువ. రైస్‌మిల్లులో గుమాస్తాని, చాలా ఏళ్లుగా మధ్యాహ్నం భోజనం ఇక్కడే. ఈ రోడ్డు మీద ఏసీ పెట్టిన హోటళ్లు కూడా మూతపడ్డాయి, ఇది మాత్రం నడుస్తోంది.

ఎందుకో వడ్ల సీజన్‌లో చూస్తే తెలుస్తుంది. సాగర్ ఎడమ కాలువ కింద కోసిన సన్నవడ్లు పచ్చివే ట్రాక్టర్లలో మిల్లులకు వస్తాయి. ప్రభుత్వం వడ్లు కొనే ఐకేపీ కేంద్రానికి పోతే తేమ 17 శాతం దాటకూడదు. ఆరబోసుకునే జాగా లేని రైతు మిల్లు గేటు ముందు లైన్ కడతాడు. లైన్ ఎప్పుడు కదులుతుందో తెలియదు, బండి వదిలి పోతే వెనకవాడు దూరతాడు. అందుకే హోటలాయన ఆ రోజుల్లో ఒక పిల్లగాణ్ని లైన్ వెంట తిప్పుతాడు. అన్నం, పప్పు, పచ్చిపులుసు కవర్లలో ట్రాక్టర్ దగ్గరికే వస్తాయి. అర్ధరాత్రి దాటినా చాయ్ దొరుకుతుంది.

హమాలీల లెక్క వేరు. అన్నం అడిగినంత వేస్తాడు (కూర రెండోసారి అడిగితే మాత్రం ముఖం మాడ్చుకుంటాడు). మిల్లుల్లో బీహార్ వాళ్లు ఎక్కువయ్యాక రాత్రిపూట చపాతీ, ఆలుగడ్డ కూర మొదలుపెట్టాడు. 2020 మేలో, లాక్‌డౌన్ మధ్యలోనే, బీహార్‌లోని ఖగారియా నుంచి ప్రత్యేక రైల్లో హమాలీలను తెలంగాణ మిల్లులకు రప్పించారంటే వాళ్ల అవసరం ఎంతో ఊహించుకోవచ్చు. ఆ అవసరంలో తిండి కూడా ఉందని ఈయనకు తట్టింది.

మధ్యలో ఒకసారి ఫ్రైడ్ రైస్, నూడుల్స్ పెట్టాడు. "గంటకే ఆకలైతది అన్నా, మాకెందుకిది" అన్నారు హమాలీలు. నెల తిరక్కుండా పెనం మూలకు పెట్టేశాడు. పెద్ద హోటళ్ల వాళ్లు ఇంత తొందరగా ఒప్పుకోరు, పెట్టుబడి పోతుందని పట్టుకుని వేలాడతారు.

ఖాతా కూడా ఉంది, కూలి డబ్బులు చేతికొచ్చిన రోజు తీర్చొచ్చు. పుస్తకంలో అప్పుడప్పుడు ఓ చాయ్ ఎక్కువే పడుతుంది, చూసుకోండి. చేతులు కడుక్కునే చోట బురద. ఆడవాళ్లు కూర్చునే వీలు లేదు, ఫ్యామిలీతో వచ్చినవాళ్లు బస్టాండ్ వైపు పోవడం మేలు. జూన్, జులైలో మిల్లులు చల్లబడతాయి కాబట్టి వంట సగానికి తగ్గిస్తాడు. అప్పుడు ఒంటిగంట లోపు రాకపోతే పచ్చడన్నమే.