పాత పైథాన్ వెర్షన్లను ఎన్నాళ్లు మోయాలి: మూడు పద్ధతుల్లో ఏది మేలు?

బెంగళూరులో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష వాడేవాళ్లు, ఓపెన్ సోర్స్ వాళ్లు కలిసే చోట మన తెలుగువాళ్లు ఎదురైనప్పుడల్లా, ముఖ్యంగా ఉద్యోగం చేసుకుంటూ ఖాళీ వేళల్లో సొంత లైబ్రరీ (ఇతరులు తమ ప్రోగ్రాముల్లో వాడుకునే కోడ్) నడుపుతున్న కుర్రవాళ్లు, నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒక్కటే: “అన్నా, మా ప్రాజెక్టులో పైథాన్ 3.9ని ఇంకా ఉంచమంటారా, తీసేయమంటారా?” తెలుగు వచనాన్ని అక్షరాలుగా విడగొట్టే చిన్న లైబ్రరీ ఒకటి నేను చూసుకుంటున్నాను. అందులో ఈ మధ్యనే 3.9కి మద్దతు ఆపేశాను కనుక, ఆ నిర్ణయానికి ముందు నేను తూచి చూసిన పద్ధతులను ఇక్కడ రాస్తున్నాను.

ప్రధానంగా మూడు దారులున్నాయి. పైథాన్ కోర్ బృందం ఒక వెర్షన్‌ను ఎంతకాలం చూసుకుంటే మనమూ అంతకాలమే, అంటే విడుదలైన నాటి నుంచి సుమారు ఐదేళ్లు, చూసుకోవడం మొదటిది. శాస్త్రీయ లైబ్రరీల వాళ్లు పాటిస్తున్న ‘స్పెక్ 0’ అనే ఉమ్మడి సిఫార్సు ప్రకారం మూడేళ్లకే వదిలేయడం రెండోది; దీనికి పూర్వం 2019 నాటి ‘నెప్ 29’ ప్రతిపాదనలో ఈ గడువు 42 నెలలుగా ఉండేది. రెడ్ హ్యాట్, ఉబుంటు వంటి లినక్స్ పంపిణీలతో పాటు ఏ పైథాన్ వస్తుందో దాన్ని ఆ పంపిణీ గడువు తీరేదాకా మోయడం మూడోది. 2025 అక్టోబరులో 3.14 విడుదలై, 3.9 గడువు ముగిసిన తరువాతి లెక్క చూస్తే, మొదటి పద్ధతిలో 3.10 నుంచి 3.14 దాకా 5 వెర్షన్లు, రెండో పద్ధతిలో 3, మూడో పద్ధతిలో రెడ్ హ్యాట్ 8తో వచ్చే 3.6 నుంచి మొదలుపెడితే 9 వెర్షన్లు అవుతాయి. లినక్స్, విండోస్, మ్యాక్ మూడింటి మీదా పరీక్షలు నడిపేవారికి ప్రతి ప్యాచ్‌కూ (కోడ్‌లో చేసే ప్రతి మార్పుకూ) వరుసగా 15, 9, 27 పరుగులు పడతాయి.

చాలామంది ఈ పరుగుల లెక్క దగ్గరే ఆగిపోతారు. పరీక్షలు నడిపేది యంత్రాలే కనుక అది అంత పెద్ద భారం కాదు. అసలు తేల్చుకోవలసిన విషయం, మనం ఒక వెర్షన్‌కు మద్దతు ఆపేసినప్పుడు ఆ వెర్షన్ వాడుతున్న మనిషికి ఏమవుతుంది అన్నది. పాత వెర్షన్ మీద ఉన్నవాళ్ల ప్రోగ్రాములు ఆ రోజే ఆగిపోతాయన్న భయం ఇంకా చాలామందిలో ఉంది. పైథాన్ 2 రోజుల్లో అది నిజమైన భయమే. కానీ 2016 నవంబరులో వచ్చిన పిప్ (పైథాన్ ప్యాకేజీలను ఇన్‌స్టాల్ చేసే పరికరం) 9.0 నుంచి పరిస్థితి మారింది. ప్యాకేజీలో ‘రిక్వైర్స్-పైథాన్’ అనే వరుసలో కనీస వెర్షన్ రాసి ఉంటే, పిప్ ముందుగా తాను నడుస్తున్న పైథాన్ ఏదో చూసుకుని, దానికి సరిపడే విడుదలల్లో అన్నిటికంటే కొత్తదాన్ని మాత్రమే దింపుతుంది. 2017 ఏప్రిల్‌లో, పైథాన్‌ను వరుస వరుసగా నడిపి చూసుకునే పరికరమైన ఐపైథాన్ 6.0 పైథాన్ 2ను విడిచిపెట్టినప్పుడు, పాత పైథాన్ మీద ఉన్నవారికి 5వ శ్రేణి దానంతట అదే అందింది ఈ ఏర్పాటు వల్లనే. ఈ రోజు నా లైబ్రరీని 3.9 మీద ఇన్‌స్టాల్ చేసేవారికి 3.9ను ఆదరించిన చివరి విడుదల వస్తుంది, నిన్న ఎలా పనిచేసిందో అలాగే పనిచేస్తుంది. వారికి అందనివి ఇకపై మనం చేర్చబోయే కొత్త సదుపాయాలే.

నా దృష్టిలో నిర్ణయాన్ని తేల్చేది ఇదే కనుక, ఈ వరుసను శ్రద్ధగా రాయడం గురించి కొంచెం ఎక్కువగానే చెబుతాను. ఒక విడుదలను, పిప్ ప్యాకేజీలను తెచ్చుకునే పైపీఐ భాండాగారంలోకి ఎక్కించిన తరువాత అందులోని ఈ వివరాన్ని దిద్దడం కుదరదు. కనీస వెర్షన్ రాయకుండా ఒక్క విడుదల బయటికి వెళ్లినా, పాత పైథాన్ల మీది పిప్‌లన్నీ అది తమకూ సరిపోతుందని భావించి దాన్నే దింపుకుంటాయి, ఇంపోర్ట్ చేయగానే సింటాక్స్ (వాక్యనిర్మాణ) ఎర్రర్ వస్తుంది. అప్పుడు చేయగలిగింది ఆ విడుదలను ‘యాంక్’ చేసి (అంటే పిప్ ఇకపై దాన్ని ఎంచుకోకుండా గుర్తు పెట్టి), సరిదిద్దిన మరో విడుదలను వెంటనే పంపడమే. దీనికి పూర్తిగా ఎదురు దిశలో జరిగే పొరపాటు పై హద్దు పెట్టడం. ‘3.10 మొదలు 3.14 లోపు’ అని రాస్తే జాగ్రత్తగా ఉన్నట్టు కనిపిస్తుంది. కానీ 3.14 మీద ఉన్న పిప్ ఆ హద్దును చూసి వెనక్కి వెతుక్కుంటూ పోయి, హద్దు రాయని ఏ నాలుగేళ్ల నాటి విడుదలనో తెచ్చి పెడుతుంది. అందుకని కింది హద్దు ప్రతి విడుదలలోనూ ఉండాలి, పై హద్దు ఎక్కడా ఉండకూడదు.

ఇక మోయడంలోని ఖర్చు సంగతి. సింటాక్స్ గురించి అందరికీ తెలుసు: మ్యాచ్ వాక్యం 3.10లో వచ్చింది, దాన్ని ఒక్కచోట వాడినా 3.9 మీద ఆ ఫైలే ఇంపోర్ట్ కాదు. టామ్‌లిబ్ వంటి కొత్త మాడ్యూళ్లకైతే, అవి లేనప్పుడు వేరే దారి పట్టేలా ట్రై, ఎక్సెప్ట్ పెట్టి నెట్టుకురావచ్చు. లైబ్రరీని చూసుకునే మెయింటెయినర్‌ను నిజంగా అలసటకు గురిచేసేది వెర్షన్‌కో రకంగా మారే ప్రవర్తన. నా లైబ్రరీలోనే ఒక ఉదాహరణ చెబుతాను. పాత అచ్చు పుస్తకాల్లో కనిపించే నకారపొల్లు (ౝ) 2021లో వచ్చిన యూనికోడ్ (కంప్యూటర్లలో అన్ని లిపుల అక్షరాల పట్టిక) 14.0లో చేరింది. పైథాన్ 3.10లో ఉన్నది యూనికోడ్ 13.0 పట్టిక, 3.11లో ఉన్నది 14.0 పట్టిక. కాబట్టి “ఇది అక్షరమా?” అని ఇదే పొల్లును 3.11కు ఇచ్చి అడిగితే అవునంటుంది, 3.10కు ఇచ్చి అడిగితే కాదంటుంది. వందేళ్ల నాటి పుస్తకాన్ని డిజిటైజ్ చేస్తున్నవారికి ఒక యంత్రం మీద సరిగా విడిన పదం మరో యంత్రం మీద మధ్యలో తెగుతుంది. దీనికోసం పాత వెర్షన్లకు వేరే పట్టిక పెట్టుకుని, దానికి వేరే పరీక్షలు రాసి, ఆ కోడ్ ఎందుకుందో కొత్తగా వచ్చినవారందరికీ వివరించవలసి వస్తోంది.

ఆ కొత్తగా వచ్చేవారి సమయాన్నే నేను అన్నిటికంటే విలువైనదిగా చూస్తాను. అనంతపురం నుంచి వచ్చి ఇక్కడ ఇంజనీరింగ్ రెండో సంవత్సరం చదువుతున్న ఒక అమ్మాయి తన మొదటి ప్యాచ్ పంపింది. పదం ముందున్న చిహ్నాన్ని తొలగించడానికి పైథాన్‌లోని ‘రిమూవ్‌ప్రిఫిక్స్’ వాడింది, కోడ్ చక్కగా ఉంది. అప్పట్లో మేము 3.8ను కూడా ఆదరిస్తున్నాము, ఆ సదుపాయం 3.9లో గాని రాలేదు. పరీక్షల్లో 3.8 వరుస ఒక్కటే ఎర్రగా (విఫలమైనట్టు) కనిపించింది. తన కంప్యూటర్‌లో లేని, ఎన్నడూ చూడని వెర్షన్ కోసం కోడ్‌ను వెనక్కి మార్చమని ఆమెను అడగవలసి వచ్చింది. ఆమె మార్చింది, కానీ రెండో ప్యాచ్ రాలేదు. కారణం ఇదేనని నేను అనలేను. అయినా స్వచ్ఛందంగా వచ్చే మనిషి ఇచ్చే ఆ కొద్ది గంటల్లో ఎంత భాగం పాత వెర్షన్‌కు ధారపోస్తున్నామన్నది ప్రతి మెయింటెయినర్ లెక్క వేసుకోవలసిన విషయం.

ఈ వెలుగులో మూడో పద్ధతిని చూస్తే నాకు అది న్యాయంగా తోచదు. రెడ్ హ్యాట్ 8 గడువు 2029 మే దాకా ఉంది, కానీ అందులోని పైథాన్ 3.6ను కోర్ బృందం 2021 డిసెంబరులోనే ఆపేసింది. ఆ తరువాతి ఏళ్ల భారాన్ని రెడ్ హ్యాట్ తన చందాదారులు కట్టే డబ్బుతో మోస్తోంది, అది ఆ సంస్థ వ్యాపారం. అదే భారాన్ని వైట్‌ఫీల్డ్‌లో ఆఫీసు ముగించుకుని రాత్రి పదింటికి లాప్‌టాప్ తెరిచే మనిషి ఉచితంగా మోయాలని ఎవరూ ఆశించకూడదు. పైగా అదే రెడ్ హ్యాట్ 8లో 3.11, 3.12 కూడా ప్యాకేజీలుగా దొరుకుతాయి, 3.6 అక్కడ ఉన్నది ముఖ్యంగా ఆ వ్యవస్థ సొంత పరికరాల కోసం. “మా క్లయింట్ సర్వర్‌లో ఇంకా 3.6యే ఉంది” అని అడిగేవారికి, చివరి అనుకూల విడుదల పిప్ ద్వారా అందుతూనే ఉంటుందని మర్యాదగా చెప్పి ఊరుకోవడం సరిపోతుంది. భద్రతా లోపం బయటపడితే ఏమిటన్న సందేహం సబబైనదే. నిజంగా తీవ్రమైనదైతే పాత శ్రేణిలో ఒక్క దిద్దుబాటు విడుదల ఇవ్వవచ్చు, నేనూ ఇస్తాను. అయితే అడుగున ఉన్న పైథాన్‌కే కోర్ బృందం దిద్దుబాట్లు ఆపేసినప్పుడు, పైనున్న లైబ్రరీ ఒక్కటే భద్రత ఇవ్వలేదు.

డౌన్‌లోడ్ల లెక్క చూసి నిర్ణయించవచ్చు కదా అంటారు. ఒక సంస్థ ప్రతి బిల్డ్‌కూ ప్యాకేజీలను మళ్లీ మళ్లీ దింపుకుంటుంటే అదొక్కటే వందల మందిలా కనిపిస్తుంది కనుక, ఆ లెక్కను నేను నమ్మను.

స్పెక్ 0 గురించి మాత్రం గౌరవంగా చెప్పాలి. గణిత లెక్కలకు వాడే నంపై వంటి లైబ్రరీలు ప్రతి పైథాన్ వెర్షన్‌కూ, ప్రతి ఆపరేటింగ్ సిస్టమ్‌కూ, ప్రతి ప్రాసెసర్ రకానికీ విడివిడిగా వీల్స్ (నేరుగా ఇన్‌స్టాల్ అయ్యే సిద్ధ ప్యాకేజీలు) కట్టి ఇవ్వాలి. వారికి మూడేళ్ల గడువు అవసరమే. మీ లైబ్రరీ నంపై మీద గట్టిగా ఆధారపడితే మీరూ అదే గడువు పాటించడం మేలు, ఎందుకంటే 2025 జూన్‌లో వచ్చిన నంపై 2.3కు కనీసం 3.11 కావాలి; 3.10ను పట్టుకుని ఉంటే నంపై 2.2 మీద కూడా మీ పరీక్షలు నడుపుతూనే ఉండాలి. సి భాషలో రాసిన కోడ్ లేని చిన్న లైబ్రరీలకు ఆ ఒత్తిడి లేదు. అటువంటి చోట మూడేళ్లకే తలుపు మూసేస్తే, ఉబుంటు 22.04తో వచ్చిన 3.10 మీద పనిచేస్తున్న కాలేజీ ల్యాబుల వాళ్లు అకారణంగా వెనకబడతారు. కనుక నా మొగ్గు ఐదేళ్ల పద్ధతి వైపే.

చివరి వెర్షన్‌నే ఆదరిస్తామనడం సొంత వాడకపు ప్రోగ్రాములకు సరే, లైబ్రరీలకు పనికిరాదు. వెబ్‌సైట్లు కట్టే జాంగోలా దీర్ఘకాలిక శ్రేణిని విడిగా నడపడానికి జీతం తీసుకుని పనిచేసే మనుషులు కావాలి, జాంగోకు ఉన్నారు, మనకు లేరు.

నా లైబ్రరీలో ఐదేళ్ల పద్ధతికి ఒక్క సడలింపు ఇచ్చాను. 3.10 గడువు 2026 అక్టోబరుతో ముగుస్తుంది, ఉబుంటు 22.04 సాధారణ మద్దతు 2027 ఏప్రిల్ దాకా ఉంది. కాలేజీ ల్యాబుల్లో సిస్టమ్‌లను కొత్తగా ఇన్‌స్టాల్ చేసేది వేసవి సెలవుల్లోనే గనుక, విద్యా సంవత్సరం మధ్యలో వారికి కొత్త విడుదలలు ఆపడం ఇష్టంలేక, 3.10ను 2027 ఏప్రిల్ వరకు ఉంచుతున్నాను. ఆ కొన్ని నెలలకు అయ్యే ఖర్చు నకారపొల్లు పట్టిక, దాని పరీక్షలు మాత్రమే. అవి ఇప్పటికే రాసి ఉన్నాయి. రాబోయే రెండు విడుదలల నోట్సులోనూ ఈ తేదీని మొదటి వరుసలోనే ప్రకటిస్తాను.