మ్యాటర్ అనులో కొట్టించాలా, యూనికోడ్‌లోనా?

తెలుగులో పుస్తకం వేసుకుందామని డీటీపీ సెంటర్‌కి వెళ్లిన వాళ్లకి ఈ ప్రశ్న తప్పదు. "సార్, మ్యాటర్ యూనికోడ్‌లో ఉందా? అయితే అనులోకి మార్చాలి, దానికి వేరే చార్జీ" అంటాడు ఆపరేటర్. అను అంటే డీటీపీ వాళ్లు ఏళ్లుగా వాడుతున్న తెలుగు ఫాంట్ల సాఫ్ట్‌వేర్. యూనికోడ్ అంటే అన్ని భాషల అక్షరాలకీ తలా ఒక నంబరు ఇచ్చిన అంతర్జాతీయ ప్రమాణం. ఏది మేలో తేల్చుకోలేక చాలామంది "మీకు ఏది వీలైతే అది చేయండి" అనేసి వస్తారు. అచ్చయిన పుస్తకం చేతికి వచ్చినప్పుడు తేడా ఏమీ కనిపించదు. పదేళ్ల తర్వాత రెండో ముద్రణ వేద్దామనుకున్నప్పుడు కనిపిస్తుంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పేజీలు ఎందులో పెట్టించుకున్నా నాకు అభ్యంతరం లేదు. మూలప్రతి మాత్రం యూనికోడ్‌లో ఉండి తీరాలి. అయితే అను పని అయిపోయిందని, దాన్ని వాడేవాళ్లు వెనకబడినవాళ్లని మాట్లాడే సాఫ్ట్‌వేర్ మిత్రులతో కూడా నేను ఏకీభవించను. వాళ్లలో చాలామంది ఒక్క పుస్తకం కూడా ప్రెస్సుకి పంపి ఎరగరు.

తేడా ఎక్కడుందో చూద్దాం. అను, శ్రీలిపి లాంటి పాత పద్ధతి ఫాంట్లు దాచుకునేది అక్షరాన్ని కాదు, దాని ఆకారాన్ని. ఇంగ్లీషు అక్షరాల కోసం కేటాయించిన 256 గళ్లలోనే తలకట్టు, గుడి, కొమ్ము, ఒత్తులు అన్నీ ముక్కలు ముక్కలుగా సర్దుకుంటాయి. ఆ ముక్కల్ని పక్కపక్కన పేర్చితే మన కంటికి తెలుగు కనిపిస్తుంది. కంప్యూటర్‌కి మాత్రం అది ఇంగ్లీషు అక్షరాల, చిహ్నాల కలగాపులగమే. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో ఫైలు తెరిస్తే అసలు రంగు బయటపడుతుంది. మీ కథ ఉండాల్సిన చోట నోరు తిరగని గుర్తుల వరస ఉంటుంది. పైగా ఒక కంపెనీ "క" పెట్టిన గడిలో ఇంకో కంపెనీ ఇంకేదో పెట్టుకుంది. కాబట్టి ఒకరి ఫైలు ఇంకొకరి ఫాంటులో తెరుచుకోదు.

యూనికోడ్ లెక్క వేరు. 1991లో వచ్చిన మొదటి వెర్షన్‌లోనే తెలుగుకి 0సి00 నుంచి 0సి7ఎఫ్ దాకా 128 స్థానాలు కేటాయించారు (ఇవి పదహారు మూలంగా లెక్కించే నంబర్లు, అందుకే మధ్యలో ఇంగ్లీషు అక్షరాలు వస్తాయి). అందులో "క" అంటే ఎక్కడైనా "క"యే. ఫోన్లోనైనా ల్యాప్‌టాప్‌లోనైనా, హైదరాబాద్‌లోనైనా డాలస్‌లోనైనా దాని నంబరు మారదు. "స్త్రీ" అనే మాటనే తీసుకోండి. మన కంటికి అది ఒక్కటే అక్షరం. యూనికోడ్ దాన్ని స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం అని ఆరు ముక్కలుగా దాచుకుంటుంది. తెర మీద చూపించేటప్పుడు ఆ ఆరింటినీ కలిపి ఒత్తుల్ని ఎక్కడ వేలాడదీయాలో చూసుకునే పని ఫాంటుది, సిస్టమ్‌ది. నిల్వ ఉండేది అక్షరం, కనిపించేది ఆకారం. ఈ రెండింటినీ విడదీయడంలోనే యూనికోడ్ లాభమంతా ఉంది, తలనొప్పులూ అక్కడి నుంచే వచ్చాయి.

మరి అను ఇంకా ఎందుకు బతికుంది? అలవాటు ఒక్కటే కారణం కాదు. ఏళ్ల తరబడి అచ్చు పని మొత్తం పేజీలు పేర్చే సాఫ్ట్‌వేర్ అయిన పేజ్‌మేకర్ మీద నడిచింది. 2001లో 7.0 వచ్చాక అడోబీ దానికి కొత్త వెర్షన్ తేలేదు. యూనికోడ్ తెలుగు అందులో పనిచేయదు. దాని తర్వాత వచ్చిన ఇన్‌డిజైన్ కూడా మన ఒత్తుల్ని సరిగ్గా పేర్చడం నేర్చుకునేసరికి 2012 వచ్చింది. అప్పటిదాకా "యూనికోడ్‌లో పుస్తకం వేయండి" అని ఆపరేటర్‌కి చెప్పినా అతని చేతిలో దానికి తగిన పనిముట్టు లేదు. ఆ లోగా అతని వేళ్లు ఒక కీబోర్డుకి అలవాటు పడిపోయాయి. అనులో 'యాపిల్' అనే కీబోర్డు లేఅవుట్‌లో మంచి ఆపరేటర్ కొడుతుంటే పక్కన నిలబడి చూడండి. రాతప్రతి మీంచి కన్ను తియ్యడు, తెర వైపు చూడడు, పేరా అయిపోతుంది. అతన్ని కూర్చోబెట్టి కొత్త కీబోర్డు నేర్చుకోమంటే కొన్ని నెలల ఆదాయం పోతుంది. అది ఎవరిస్తారు?

అందం సంగతి కూడా ఉంది. శుభలేఖలకి, ఫ్లెక్సీలకి, పుస్తకాల అట్టలకి కావలసిన సోకైన అక్షరాలు చాలాకాలం పాత పద్ధతి ఫాంట్లలోనే దొరికాయి. యూనికోడ్‌లో మొదట్లో విండోస్ ఎక్స్‌పీతో వచ్చిన గౌతమి, దేశికాచారి గారు చేసిన పోతన, వేమన ఉండేవి. వాటితో వెబ్ పేజీ చదువుకోవచ్చు గానీ పెళ్లి కార్డు వేయించుకుంటామా? 2010 తర్వాత ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, అమెరికాలోని తెలుగువాళ్ల సంస్థ సిలికానాంధ్ర కలిసి కొన్ని ఫాంట్లు విడుదల చేశాక ఈ కరువు కొంత తీరింది. రామరాజ, మండలి, సురవరం, గిడుగు, తెనాలి రామకృష్ణ లాంటివి ఇప్పుడు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి. అయినా వరసల మధ్య ఎడం దగ్గర యూనికోడ్ ఫాంట్లు కొన్ని ఇప్పటికీ విసిగిస్తాయి. ఒత్తుకింద ఒత్తు వచ్చే మాటల కోసం కిందంతా ఖాళీ వదలడంతో, అనులో 200 పేజీలకి సరిపోయే నవల ఇక్కడ అంతకంటే సాగుతుంది. కాగితం ఖర్చు పెట్టే ప్రచురణకర్త దాన్ని చూడకుండా ఎలా ఉంటాడు?

ఇవన్నీ కాగితం మీద ఉన్నంతసేపే. మాట కాగితం దాటి బయటికి రావాలంటే అనుకి కాళ్లు లేవు. గూగుల్‌లో వెతికితే దొరకదు. వాట్సాప్‌లో అతికిస్తే గందరగోళం అవుతుంది. చూపు లేనివాళ్ల కోసం ఫోన్ చదివి వినిపించదు. పుస్తకం చివర పదసూచి పెడదామంటే అకారాది క్రమంలో కుదరదు, ఎందుకంటే కంప్యూటర్ దృష్టిలో అక్కడ "అ" అన్నదే లేదు. 2000ల మొదట్లో పెద్ద పత్రికల సైట్లే ఎవరి ఫాంటు వాళ్లు పెట్టుకుని, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో తప్ప సరిగ్గా కనిపించేవి కావు. ఫైర్‌ఫాక్స్‌లో చదవాలనుకునేవాళ్ల కోసం ఆ ఫాంట్లని యూనికోడ్‌లోకి మార్చి చూపించే "పద్మ" అనే ఎక్స్‌టెన్షన్ ఒకటి పుట్టింది. అప్పుడు రాసిన వార్తలు అదే రూపంలో ఉండిపోతే ఇవాళ వెతుక్కోవడానికి ఉన్నట్టా లేనట్టా? తెలుగు వికీపీడియా 2003లో మొదలై ఇప్పటికీ అక్షరం చెక్కుచెదరకుండా ఉందంటే మొదటి రోజు నుంచీ యూనికోడ్‌లో రాయడమే కారణం.

యూనికోడ్ ఉంటే చాలు అన్నీ సర్దుకుంటాయని కూడా కాదు. "సాఫ్ట్‌వేర్" అని రాసేటప్పుడు ట కింద వ ఒత్తు పడకుండా మధ్యలో కంటికి కనిపించని గుర్తు ఒకటి పెడతాం. దాన్ని పెట్టి రాసినవాళ్ల మాట, పెట్టకుండా రాసినవాళ్ల వెతుకులాటకి చాలాచోట్ల అందదు. 2018 ఫిబ్రవరిలో "జ్ఞా" అనే అక్షరం కనిపించని ఆ గుర్తుతో కలిసి వస్తే ఐఫోన్లలో యాప్‌లు వరసగా కుప్పకూలాయి. యాపిల్ 11.2.6 అప్‌డేట్ విడుదల చేసేదాకా మన అక్షరం ప్రపంచ వార్త అయింది. ఎస్సెమ్మెస్‌లో ఇంగ్లీషుకి 160 అక్షరాలిస్తే తెలుగుకి 70 స్థానాలే, "స్త్రీ" ఒక్కటే వాటిలో ఆరు తినేస్తుంది.

ప్రోగ్రామర్ల గురించి ఇక్కడ ఒక మాట అనాలి. అమీర్‌పేట కోచింగుల్లో, ఇంటర్వ్యూల్లో అరిగిపోయిన ప్రశ్న: స్ట్రింగ్ రివర్స్ చెయ్యి, అంటే ఇచ్చిన మాటలోని అక్షరాల్ని వెనక నుంచి ముందుకి తిప్పు. ఇంగ్లీషు మాటతో చేసి చూపించి అందరూ పాసవుతారు. అదే కోడ్‌కి "స్త్రీ" ఇవ్వండి. గుడిదీర్ఘం తనని మోసే హల్లు లేకుండా మొదట్లోకి వచ్చి గాల్లో వేలాడుతుంది. ప్రోగ్రామింగ్ భాష అయిన పైథాన్‌లో దాని పొడవు అడిగితే 6 అంటుంది, చదివే మనిషి 1 అంటాడు. పేరు రాసే పెట్టెలో "20 అక్షరాలకు మించరాదు" అని రాసే కుర్రాడికి ఈ తేడా తెలియకపోతే తెలుగు పేరు సగంలో తెగుతుంది. తెలుగువాళ్లు ఇంతమంది సాఫ్ట్‌వేర్‌లో ఉండి కూడా తెలుగు యాప్‌లలో ఇలాంటి తప్పులు దొర్లుతున్నాయంటే, మనం నేర్చుకుంటున్న ప్రోగ్రామింగ్ ఇంగ్లీషు అక్షరం దాటి వెళ్లడం లేదనే అర్థం. జావా మేలా పైథాన్ మేలా అని గంటలు వాదించుకునే బదులు ఈ ఒక్క సంగతి అర్థం చేసుకుంటే ఏ భాషలోనైనా పనికొస్తుంది.

ప్రమాణం ఎవరు పెట్టాలన్నది ఇంకో పేచీ. కాలిఫోర్నియాలో కూర్చున్న కంపెనీలు మన అక్షరాలకి నంబర్లు వేయడమేమిటని కోపగించుకునేవాళ్లని చూశాను. కోపంలో కొంత న్యాయం ఉంది. యూనికోడ్‌ని నడిపే సంస్థ యూనికోడ్ కన్సార్షియంలో ఓటున్న పెద్ద సభ్యులు చాలావరకు యాపిల్, గూగుల్, మైక్రోసాఫ్ట్ లాంటి కంపెనీలే. పాత తాళపత్రాల్లో, అచ్చుల్లో కనిపించే నకారపొల్లుకి (న్ అనే పొల్లు అక్షరానికి వాడిన పాత గుర్తు) స్థానం దొరికేసరికి 2021 వచ్చింది. కానీ ఆ పట్టికకి పునాది మనదే. భారత ప్రభుత్వం తయారుచేసిన ఇస్కీ అనే భారతీయ లిపుల కోడ్ పట్టిక 1988 వెర్షన్ అమరికనే యూనికోడ్ తీసుకుంది. అందుకే దేవనాగరి "క" 0915 దగ్గర ఉంటే తెలుగు "క" 0సి15 దగ్గర ఉంది. ప్రభుత్వం 1991లో ఇస్కీని జాతీయ ప్రమాణంగా కూడా చేసింది. కాగితం మీద అది గొప్ప పని. మామూలు మనిషి కొనే కంప్యూటర్‌లో మాత్రం అది రాలేదు. యూనికోడ్ వచ్చింది. గెలుపు ఓటముల తేడా అక్కడే.

ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు కథా దాదాపు అంతే. ఇదీ ప్రభుత్వం ప్రమాణంగా పెట్టిన కీబోర్డే. అందులో "స్త్రీ"కి ఎం, డి, ఎల్, డి, జె, ఆర్ మీటలు నొక్కాలి. ఆరు ముక్కలకి ఆరు మీటలు, తర్కం చక్కగా ఉంది. కానీ జనం 2006 నుంచి లేఖిని అనే సైట్‌లో ఇంగ్లీషు అక్షరాలు కొట్టి తెలుగు రాబట్టుకున్నారు, ఇప్పుడు ఫోన్లో అదే చేస్తున్నారు. పదిమందీ ఇన్‌స్క్రిప్టే వాడాలని చట్టం చేస్తే ఎవరూ వినరు, వినాల్సిన అవసరం కూడా లేదు. దీనికి భిన్నంగా 2016లో కేంద్రం, దేశంలో అమ్మే మొబైల్ ఫోన్లన్నీ 22 భారతీయ భాషల అక్షరాలు చూపించాలని, ఇంగ్లీషు, హిందీలతో పాటు ఇంకో భారతీయ భాషలో రాసే వీలుండాలని ఆదేశించింది. అది సరైన చోట పెట్టిన నిబంధన. ఫ్యాక్టరీ గేటు దగ్గర ఫోన్‌ని పరీక్షిస్తే తేలిపోతుంది, మనిషి అలవాటు జోలికి వెళ్లదు, బటన్ ఫోన్ కొనుక్కునే ముసలాయనకి మేలు జరుగుతుంది.

ప్రభుత్వం తన కాగితాల విషయంలో మాత్రం ఇంత గట్టిగా లేదు. ఇ-గవర్నెన్స్‌కి యూనికోడే ప్రమాణమని కేంద్రం 2009లోనే ప్రకటించింది. అయినా ప్రింటు తీసి, సంతకం పెట్టి, స్కాన్ చేసిన పీడీఎఫ్‌గా సైట్‌లో పెట్టిన ఉత్తర్వులు ఇప్పటికీ కనిపిస్తాయి. అందులో మన ఊరి పేరు వెతకాలంటే కళ్లతో వెతుక్కోవాలి. అది అను కంటే అన్యాయం. అను ఫైలుని కనీసం మార్చుకోవచ్చు. డీటీపీ సెంటర్ మీద పెట్టాల్సిన చట్టమేదీ లేదు గానీ, జీవో మీద పెట్టాల్సింది ఉంది.

ఇక పుస్తకం వేయించుకునేవాళ్ల సంగతి. మీరే టైపు చేసుకోగలిగితే యూనికోడ్‌లోనే చేసుకోండి, ప్రూఫులు కూడా అందులోనే దిద్దుకోండి, అన్నీ అయ్యాక పేజీలకి ఇవ్వండి. ఆపరేటర్ అనులోకి మార్చుకుంటానంటే మార్చుకోనివ్వండి. చిక్కల్లా ఆ తర్వాత పేజీల మీద చేసే దిద్దుబాట్లతోనే. అవి అను ఫైలులో పడతాయి, మీ దగ్గరున్న యూనికోడ్ ప్రతిలో పడవు, ఆఖరికి రెండూ వేరు పుస్తకాలవుతాయి. అందుకని డబ్బు పూర్తిగా చెల్లించే ముందు పీడీఎఫ్‌తో సరిపెట్టుకోకుండా పేజీల ఓపెన్ ఫైలు (దిద్దడానికి వీలున్న అసలు ఫైలు) అడగండి, దాన్నుంచి మళ్లీ యూనికోడ్‌లోకి మార్చిన ప్రతిని కూడా తీసుకోండి. మార్చిన ప్రతిని ఒకసారి చదవక తప్పదు. మధ్యలో వచ్చిన ఇంగ్లీషు మాటల్ని కన్వర్టర్ తెలుగనుకుని అర్థంలేని అక్షరాలుగా మార్చేస్తుంది, కాబట్టి ఇంగ్లీషు పేర్లు, ఈమెయిల్ అడ్రసులు ఉన్న పేజీలు ముందు చూడండి. తర్వాత కొటేషన్ గుర్తులు, అంకెలు, ఒత్తుకింద ఒత్తు ఉన్న మాటలు చూసుకోండి. ఈ పనికి ఆపరేటర్ అదనంగా అడిగితే ఇవ్వండి, బేరం ఆడవద్దు.