స్టేషన్‌కి 200 మీటర్లే అని గది తీసుకున్నాం, నల్లుల్ని వెంటబెట్టుకుని బయటపడ్డాం

అమ్మానాన్నల్ని ఇండియా ఫ్లైట్ ఎక్కించడానికి ముందురోజు రాత్రి ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఆగాలనుకుంటున్నారా? హౌప్ట్‌బాన్‌హోఫ్ (మెయిన్ రైల్వే స్టేషన్) పక్కనే చవకగా గది దొరికిందని సంబరపడుతున్నారా? డబ్బు కట్టేముందు ఇది ఒక్కసారి చదవండి. నేను చదవాల్సినవి చదవకుండా కట్టేసి అనుభవించాను. హోటల్ పేరు రాయడం లేదు. రాసినా పెద్దగా ఉపయోగం ఉండదు, ఎందుకో కింద చెబుతాను.

మేముండేది జర్మనీలోని ఎర్ఫుర్ట్‌లో. 2024 జనవరిలో ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి హైదరాబాద్‌కి డైరెక్ట్ ఫ్లైట్ మొదలైనప్పుడు మా ఇంట్లో పండగే. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, నాన్నకి ఇంగ్లిష్ అంటే బెరుకు. మధ్యలో ఏ దోహాలోనో దిగి గేటు వెతుక్కునే బాధ తప్పింది కదా. తిరుగు ప్రయాణం పొద్దున పదకొండు గంటల ఫ్లైట్‌కి. ఎర్ఫుర్ట్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కి రైల్లో రెండున్నర గంటలు కూడా పట్టదు, కానీ జర్మనీ రైళ్ళని నమ్ముకుని ఎవరు బయల్దేరతారు? 2024లో దూరప్రాంతపు రైళ్ళలో టైమ్‌కి చేరినవి 62.5 శాతమే. అదీ ఆరు నిమిషాల లోపు ఆలస్యాన్ని ఆలస్యం కిందే లెక్కవేయకుండా. అందుకని ముందురోజు సాయంత్రమే వెళ్ళి పడుకుందాం అనుకున్నాం. ఇంతవరకూ నా బుర్ర సరిగ్గానే పనిచేసింది.

అది గత అక్టోబర్, బుక్ ఫెయిర్ వారం. ఫ్రాంక్‌ఫర్ట్‌లో మెస్సె, అంటే పెద్ద ఎగ్జిబిషన్, జరుగుతున్న వారంలో హోటల్ రేట్లు సంక్రాంతికి హైదరాబాద్ నుంచి ఊరెళ్ళే బస్సు టికెట్లలాగే ఉంటాయి. మామూలుగా తొంభై యూరోలకి వచ్చే గదులు రెండు వందల యాభైకి తగ్గడం లేదు. వాటి మధ్య ఒకటి కనిపించింది. ముగ్గురికీ కలిపి 94 యూరోలు. స్టేషన్‌కి 200 మీటర్లు. లిఫ్ట్ ఉంది. రేటింగ్ 8.1. క్యాన్సిల్ చేస్తే డబ్బు తిరిగి రాదని ఎర్రక్షరాల్లో రాసే ఉంది. ఇంక ఒక్కటే గది మిగిలిందని కూడా రాసి ఉంది. నొక్కేశాను.

ఎనిమిది పాయింట్ ఒకటి చూశాను కానీ, దాని పక్కన రివ్యూలు పద్నాలుగే అన్నది చూడలేదు. అసలు మోసమంతా అక్కడే ఉంది. తర్వాత ఇంటికొచ్చాక మ్యాప్‌లో హోటల్ పేరుతో కాకుండా వీధి పేరు, ఇంటి నంబరు కొట్టి వెతికితే, అదే భవనం, అదే మెట్లు, వేరే బోర్డు. పాత పేరు మీద వందల కొద్దీ రివ్యూలు, సగం ఒకే మాట: వాన్‌ట్సెన్. జర్మన్‌లో నల్లులు. పేరు చెడగానే బోర్డు మార్చి, యాప్‌లో కొత్త హోటల్‌గా చేరిపోయారు. అందుకే పేరు రాయడం దండగ అన్నాను, మీరు చదివే నాటికి అది ఇంకో పేరుతో ఉండొచ్చు. మీరు మాత్రం బుక్ చేసేముందు అడ్రస్ కొట్టి చూడండి, జనం పెట్టిన పాత ఫొటోలు చూడండి.

ఇక ఆ 200 మీటర్ల సంగతి. స్టేషన్ ముందు ద్వారం నుంచి తూర్పు వైపు బయటికొస్తే ఎదురుగా ఉండేదే బాన్‌హోఫ్స్‌ఫీర్టెల్ పేట. నడిమధ్యన కైజర్ ష్ట్రాసె (ష్ట్రాసె అంటే వీధి), దానికి ఉత్తరాన టౌనుస్ ష్ట్రాసె, ఆ పైన నిద్దా ష్ట్రాసె. వెనక బ్యాంకుల ఆకాశహర్మ్యాలు మెరుస్తుంటాయి, కింద పేవ్‌మెంట్ మీద మనుషులు సూదులు గుచ్చుకుంటూ కూర్చుని ఉంటారు. ఇది దాచిపెట్టిన రహస్యమేమీ కాదు. మత్తుమందు అలవాటు ఉన్నవాళ్ళు రోడ్డు మీద చావకుండా, నర్సుల పర్యవేక్షణలో వాడుకునే గదులు ఈ ఊళ్ళో 1994 నుంచే ఉన్నాయి. 2023 నవంబర్ నుంచి రాత్రిళ్ళు ఈ పేటలో కత్తులు, ఆయుధాలు పట్టుకు తిరగకూడదని నిషేధం కూడా పెట్టారు. జర్మనీలో ఉండేవాళ్ళకి ఇదంతా తెలిసిందే. నాకూ తెలుసు. ఒక్క రాత్రే కదా, పడుకుని లేచిపోవడమే కదా అనుకున్నాను.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. ఆ వీధిలో ఉన్నవాళ్ళు మమ్మల్ని పల్లెత్తు మాట అనలేదు. మా గుమ్మం మెట్ల మీద దుప్పటి కప్పుకుని కూర్చున్న ఒకాయన అమ్మని చూసి లేచి పక్కకి జరిగాడు, తలుపు తెరుచుకున్నాక అమ్మ లోపలికి వెళ్ళేదాకా పట్టుకుని నిలబడ్డాడు. మమ్మల్ని దోచుకున్నది శుభ్రంగా డబ్బు కట్టించుకున్నవాళ్ళు.

ఆ తలుపు తెరుచుకోవడమే పెద్ద కథ. రిసెప్షన్ లేదు. సాయంత్రం ఆరింటికి ఫోన్‌కి కోడ్ వస్తుందన్నారు. తొమ్మిదింపావుకి గుమ్మం ముందు నిలబడేసరికి కూడా రాలేదు. ఫోన్ చేస్తే రికార్డు చేసిన గొంతు. మెసేజ్ పెడితే పాస్‌పోర్ట్ ఫొటోలు పంపమన్నారు, పంపాక కార్డు మీద వంద యూరోలు డిపాజిట్ పట్టుకుంటామన్నారు. బుకింగ్‌లో ఎక్కడా లేని డిపాజిట్. అక్టోబర్ చలిలో అమ్మ సూట్‌కేసు మీద కూర్చుని ఉంది, నాన్న మిగతా రెండు పెట్టెలకీ చెరో చెయ్యీ వేసి కాపలా కాస్తున్నారు. బేరమాడే స్థితిలో నేను లేనని వాళ్ళకి తెలుసు. ఒప్పుకున్నాను. కోడ్ పది అవుతుండగా వచ్చింది.

లోపలికి వెళ్తే లిఫ్ట్ ఉంది. అబద్ధం చెప్పలేదు. దాని తలుపు మీద "డెఫెక్ట్" (పనిచేయడం లేదు) అని కాగితం అంటించి ఉంది. ఆ కాగితం అంటించిన టేపు పసుపు రంగుకి తిరిగి, అంచులు ఎండి లేచిపోయి ఉన్నాయి. అంటే అది ఇవాళో నిన్నో చెడిపోయిన లిఫ్ట్ కాదు. గది నాలుగో అంతస్తులో. అమ్మ ఒక్కో అంతస్తుకీ ఆగి, గోడకి ఆనుకుని, "నేను బాగానే ఉన్నానే, నువ్వు పెట్టెలు చూసుకో" అంటూ ఎక్కింది. ఇరవై మూడేసి కిలోల పెట్టెలు మూడు. నాన్నని ముట్టుకోవద్దని చెప్పి నేనే మూడుసార్లు ఎక్కి దిగాను.

గది చూడగానే పర్లేదనిపించింది, అదే బాధ. తెల్లటి దుప్పట్లు, కిటికీలోంచి స్టేషన్ పైకప్పు. పెట్టెలు మంచాల పక్కనే కార్పెట్ మీద పెట్టేశాం. తెచ్చుకున్న పులిహోర తిని పడుకున్నాం.

రాత్రి ఒంటిగంటన్నరకి నాన్న లేపారు. "అమ్మలూ, లైటెయ్యి" అన్నారు. వేశాను. ఆయన మంచం మీద కూర్చుని, మెడ గోక్కుంటూ, గాలిని వాసన చూస్తున్నారు. "నల్లి వాసన" అన్నారు. నాకు నవ్వొచ్చింది. జర్మనీలో నల్లులేంటి నాన్నా అన్నాను. ఆయన ఏమీ అనకుండా దిగి, దుప్పటి లాగి, పరుపు మూల పైకెత్తి, ఫోన్ లైటు వేసి చూడమన్నారు. పరుపు అంచున గుండ్రంగా కుట్టు ఉంటుంది చూడండి, ఆ కుట్టు మడత పొడుగునా బాల్‌పెన్నుతో చుక్కలు పెట్టినట్టు నల్లటి మచ్చలు. మడత వేలితో విడదీస్తే లోపల గోధుమరంగులో, పల్చగా, యాపిల్ గింజంతవి నాలుగైదు. వెలుతురు పడగానే కుట్టు లోపలికి దూరిపోతున్నాయి. ఒకటి దుప్పటి మీదికి వచ్చింది. నాన్న గోటితో నొక్కారు. తెల్లటి గుడ్డ మీద ఎర్రటి గీత, ఆ వెంటనే కంపు. అప్పుడు నాకూ తెలిసింది ఆయన ఏ వాసన గురించి చెబుతున్నారో.

"మా చిన్నప్పుడు నులక మంచాలు ఎండలో పడేసి, మంచం కోళ్ళ సందుల్లో మరిగే నీళ్ళు పోసేవాళ్ళం. టూరింగ్ టాకీసు కుర్చీల్లో ఉండేవి. డెబ్భై ఏళ్ళొచ్చాక విమానమెక్కొచ్చి మళ్ళీ వీటిచేత కుట్టించుకుంటాననుకోలా" అన్నారు. అమ్మ మాత్రం ఏడుపు ఒక్కటే తక్కువ. ఆవిడ భయం కుట్టడం గురించి కాదు. పెట్టెల్లోకి ఎక్కి ఉంటాయి, వాటిని తెనాలి ఇంటికి మోసుకెళ్తాం, మనవలు పడుకునే పరుపుల్లోకి చేరతాయి అని. ఆ భయం నిజమైనదే. నల్లి రక్తం తాగకుండా కూడా నెలల తరబడి బతుకుతుంది.

హోటల్‌కి ఫోన్ చేస్తే మళ్ళీ అదే గొంతు. యాప్‌లో మెసేజ్ పెట్టాను, ఒంటిగంటా నలభై ఏడుకి. ఫొటోలు తీశాను. పరుపు కుట్టు, దుప్పటి మీద మరక, పక్కన కొలతకి ఒక సెంటు నాణెం, నాన్న మెడ మీద వరసగా మూడు దద్దుర్లు. బతికున్న నల్లిని ఒకదాన్ని సెలోటేపుతో పట్టి కాగితానికి అంటించాను. ఇవన్నీ తర్వాత పనికొచ్చాయి కాబట్టి చెబుతున్నాను. మీకు ఇలాంటిది ఎదురైతే కోపంతో గది వదిలేసి పోకండి. ముందు రాతలో చెప్పండి, వేరే గది ఇమ్మని అడగండి, టైమ్ పడేలా చూసుకోండి. సరిచేసే అవకాశమే ఇవ్వలేదని వాళ్ళు రేపు అనకుండా ఉండాలి. ఇరవై నిమిషాలు చూశాం. సమాధానం లేదు. పెట్టెలు మళ్ళీ దింపాను. టాక్సీకి నలభై పైనే అయింది. టెర్మినల్ వన్‌లో బెంచీల మీద తెల్లవారింది. అమ్మ ఒళ్ళో తల పెట్టుకుని నేనే నిద్రపోయానట. సిగ్గుగా ఉంది చెప్పుకోవడానికి.

అక్కడ కూర్చున్నప్పుడే తెలిసింది నేనెంత తెలివితక్కువ పని చేశానో. మా పని ఎయిర్‌పోర్ట్‌తో, స్టేషన్‌తో కాదు. ఎర్ఫుర్ట్ వైపు నుంచి వచ్చే ఐసీఈ ఎక్స్‌ప్రెస్ రైళ్ళలో కొన్ని నేరుగా ఎయిర్‌పోర్ట్ స్టేషన్‌కే వెళ్తాయి. ఊళ్ళో దిగాల్సిన అవసరమే లేదు. ఎయిర్‌పోర్ట్‌కి ఒక్క స్టాపు దూరంలో గేట్‌వే గార్డెన్స్ అని ఉంది, 2019 డిసెంబర్‌లో అక్కడ ఎస్-బాన్ (లోకల్ రైలు) స్టేషన్ తెరిచారు, దాని చుట్టూ హోటళ్ళు ఉన్నాయి. మెస్సె వారంలో అవి కూడా చవక కాదు, ఒప్పుకుంటాను. కానీ నా లెక్క చూడండి: గది 94, టాక్సీ 40 పైన, మా ఎర్ఫుర్ట్ ఇంట్లో నివారణ మందు కొట్టించినందుకు ఇంకో మూడంకెల బిల్లు. ఊళ్ళోనే ఉండాలంటే కనీసం స్టేషన్‌కి ఏ వైపో చూసుకోండి. దూరప్రాంత బస్సులు ఆగే దక్షిణం వైపు, మన్‌హైమర్ ష్ట్రాసె పక్కన, రాత్రిపూట ఇంత గోల ఉండదు. రిసెప్షన్‌లో రాత్రంతా మనిషి ఉంటాడా అని, లిఫ్ట్ పనిచేస్తోందా అని ఆ వారంలోనే మెసేజ్ పెట్టి అడగండి. "ఉందా" అని కాదు, "పనిచేస్తోందా" అని.

గదిలోకి వెళ్ళగానే పెట్టెలు బాత్రూమ్‌లో టైల్స్ మీద పెట్టండి. అక్కడ నల్లి దాక్కోవడానికి సందులు తక్కువ. తర్వాత పరుపు నాలుగు మూలలూ ఎత్తి కుట్టు చూడండి, తలవైపు చెక్క వెనక చూడండి. రెండు నిమిషాల పని. ఇప్పటికే కుట్టించుకుని ఉంటే, ఇంటికి రాగానే బట్టలన్నీ గుమ్మం దగ్గరే సంచుల్లో మూట కట్టి 60 డిగ్రీల్లో ఉతకండి. ఉతకలేనివి సంచిలో పెట్టి మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో కొన్ని రోజులు ఉంచండి. పెర్ఫ్యూమ్ కొట్టడం, కర్పూరం పెట్టడం లాంటివాటితో అవి పోవు.

డబ్బు సంగతి చెప్పి ముగిస్తాను. ఆఫీసులో ఒక ఫ్రెండ్, ఆన్‌లైన్‌లో కొన్నది పద్నాలుగు రోజుల్లో విడర్‌రూఫ్ చేయొచ్చు, అంటే కారణం చెప్పకుండా రద్దు చేసుకోవచ్చు కదా అన్నాడు. అది చెల్లదు. తేదీ ఖరారైన హోటల్ బుకింగ్‌కి యూరప్‌లో ఆ హక్కు వర్తించదు. హోటల్ వాళ్ళు మర్నాడు మధ్యాహ్నం జవాబిచ్చారు, నల్లులు మా సామానులోంచే వచ్చి ఉండొచ్చని. పది గంటలకి గదిలోకి వెళ్ళినవాళ్ళ పెట్టెల్లోంచి దిగి, ఒంటిగంటన్నరకల్లా పరుపు కుట్టు పొడుగునా మచ్చలు ఎలా పెట్టాయని నేనడిగితే జవాబు లేదు. డిపాజిట్ వదలకుండా పెట్టుకున్నారు. బ్యాంకులో అభ్యంతరం పెట్టి, ఫొటోలూ మెసేజీ టైమూ ఇచ్చాక ఆ వంద తిరిగొచ్చింది. గది డబ్బులో మాత్రం యాప్ వాళ్ళు అరవై యూరోలు ఇచ్చారు, ఏడు వారాల తర్వాత, అదీ మళ్ళీ వాళ్ళ దగ్గరే బుక్ చేసుకోవడానికి క్రెడిట్‌గా. దాన్ని ఇంకా ముట్టుకోలేదు.

తెనాలిలో అమ్మ పెట్టెల్ని ఇంట్లోకి రానివ్వలేదు. బట్టలన్నీ డాబా మీదే మరిగే నీళ్ళలో ముంచారు. పెట్టెలకి ఎండ ఒక్కటే చాలదని నేను ఫోన్‌లో చెబుతూనే ఉన్నాను. అయినా నాన్న రోజూ మధ్యాహ్నం డాబా ఎక్కి, ఖాళీ పెట్టెని ఒకసారి తిప్పి, జిప్పు సందులన్నీ కళ్ళజోడు పెట్టుకుని చూసి దిగుతున్నారట.